ఫిరంగి రోగము: నాఁటి చికిత్సలు, నేఁటి చికిత్సలు

ఫిరంగి యనఁగానే మన గ్రామములందలి పెద్దలకు కోటబురుజు మీఁద నుండి గుండ్లు విసరు ఇనుపగొట్టము జ్ఞప్తికి వచ్చును. కాని మన పూర్వులు ఈ మాటను మఱి రెండు వస్తువులకును వాడిరి. అందొకటి ఫిరంగి రోగము. రెండవది ఆ రోగమునకు మందుగా వాడిన ఫిరంగిచెక్క. దీనినే పరంగిచెక్క యనియు నందురు. ఆయుధము, రోగము, మందు, ఈ మూఁటికిని ఒక్క పేరే వచ్చుటకు కారణము లేకపోలేదు. పారసీకులును తురుష్కులును పడమటి క్రైస్తవులను ఫ్రాంకులను జాతిపేరు ననుసరించి ఫరంగీలని పిలిచెడివారు. ఆ పిలుపే మన దేశమునకు వచ్చి, ఓడలపై దిగిన తెల్లవారికిని, వారి వెంట వచ్చిన వస్తువులకును అంటుకొనెను.

ఈ విషయము పెద్దల సభలో ఎత్తఁదగినదియేనా యని నేను కొంత ఆలోచించితిని. నేను వైద్యుఁడను గాను. ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి పొందినవాఁడను. అయినను ఈ రోగముతో నాకు నొక సంబంధము కలిగినది. అది యెట్టిదో ప్రసంగమధ్యమున మనవి చేసెదను. శ్రోతలు సిగ్గును కొంచెము ప్రక్కకు పెట్టి వినఁగోరెదను. సిగ్గు వలన ఈ రోగము తగ్గిన దాఖలా యెచ్చటను లేదు.

ముందు పేర్లను చక్కఁజేసికొందము. ఫిరంగి రోగమును మన యూళ్ళలో సవాయి యనియు, కొరుకు వ్యాధి యనియు నందురు. ఇంగ్లీషు వైద్యులు దీనిని సిఫిలిసు అందురు. మూత్రము పోయునప్పుడు మంటయు, చీమును కలుగు వ్యాధి వేఱు. దానిని సెగ యందురు, వైద్యుల భాషలో గనేరియా. గజ్జలలో లేచు గడ్డలకు అడ్డగర్రలని పేరు. అవి పలు వ్యాధులలో కనిపించును. వీని నన్నిటిని కలిపి సుఖవ్యాధులని యెవరో పేరు పెట్టిరి. పేరు పెట్టినవారు వీనిని అనుభవించినవారై యుండరు.

ఇఁక చరిత్ర. కొలంబసు అమెరికా ద్వీపములను చూచి 1493లో స్పెయినునకు తిరిగి వచ్చెను. 1495లో ఫ్రెంచిరాజైన ఎనిమిదవ చార్లెసు సేన ఇటలీలోని నేపుల్సు నగరమును పట్టుకొనెను. ఆ సేనలో నొక వింతరోగము పుట్టినది. ఒడలెల్ల బొబ్బలు, ఎముకలలో రాత్రివేళ భరింపరాని నొప్పులు, కొలఁది మాసములలోనే మరణములు. సేన చెదరి, కూలికి వచ్చిన సైనికులు తమ తమ దేశములకు పోయి, దానిని యూరపంతటను పంచిపెట్టిరి. 1498లో వాస్కోడగామా కళ్ళికోటలో దిగెను. ఆ తరువాత నీ రోగము మన దేశమునకు వచ్చుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

నవ్వు పుట్టించు సంగతి యొకటి యున్నది. ఏ దేశమువారును దీనిని తమ రోగమని యొప్పుకొనలేదు. ఇటలీవారు ఫ్రెంచిరోగ మనిరి. ఫ్రెంచివారు నేపుల్సురోగ మనిరి. రష్యావారు పోలండురోగ మనిరి. పోలండువారు జర్మనురోగ మనిరి. తురుష్కులు ఫరంగీరోగ మనిరి, మనమును అదే యంటిమి. ఇటలీ వైద్యుఁడును కవియు నైన ఫ్రాకస్టోరో 1530లో లాటినుభాషలో దీనిపై నొక కావ్యమే వ్రాసెను. అందు దైవమును ధిక్కరించి ఈ రోగము పాలైన గొల్లవాని పేరు సిఫిలసు. ఆ కల్పిత గొల్లవాని పేరే నేఁటికిని ప్రపంచమంతట రోగమునకు నిలిచినది. ఒక్కొక్కప్పుడు కవి పెట్టిన పేరు రాజశాసనము కంటె గట్టిది.

రోగము నిజముగా అమెరికా నుండియే యూరపునకు వచ్చెనా యనునది పండితులు ఇంకను వాదించుకొనుచున్న విషయము. ఈ జాతి సూక్ష్మజీవులు కొలంబసునకు ఎంతో పూర్వమే అమెరికా ఖండమున ఉండెనని, అచ్చటి ప్రాచీన అస్థికలపై జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. మన వారిలో కొందఱు, సుశ్రుతసంహితలో ఉపదంశ మను వ్యాధి కలదు గనుక ఇది మనకు అనాదియే యని వాదింతురు. అన్నియు మన యొద్దనే పుట్టినవనుట మనకొక వేడుక. రోగములను గూడ వదలము. సుశ్రుతుఁడు చెప్పిన ఉపదంశము జననేంద్రియమునకు గాయము, మాలిన్యము మొదలగు కారణములచే కలుగు పుండు. ముక్కుదూలము కూలుట, ఎముకలు శుష్కించి వంకరపోవుట అను లక్షణములను ఉపదంశమునకు చెప్పినట్లు నేను చదివిన చోటులలో కనఁబడలేదు. కాఁబట్టి రెండును వేఱని నా అభిప్రాయము. నా అభిప్రాయ మెట్లున్నను, ఇది క్రొత్తరోగమని మనవాఁడే యొకఁడు స్పష్టముగా చెప్పినాఁడు. ఆతఁడు భావమిశ్రుఁడు.

భావమిశ్రుఁడు 16వ శతాబ్దివాఁడు. ఆతని భావప్రకాశము ఆయుర్వేదమున లఘుత్రయిలో చేరిన గ్రంథము. చరక సుశ్రుతులు చెప్పనిదానిని చెప్పుటకు పండితులు సాధారణముగా జంకుదురు. ఈయన జంకలేదు. ఫిరంగ మను దేశమున నిది బహుళముగా కలదు గనుక దీనికి ఆ పేరు వచ్చినదనియు, ఇది వెలుపలి నుండి సోఁకు ఆగంతుక వ్యాధి యనియు, ఫిరంగులైన స్త్రీపురుషుల అంగసంపర్కము వలన కలుగుననియు వ్రాసెను. రోగమును మూఁడు విధములుగా విభజించెను: పైకి కనఁబడునది, లోపల నుండునది, రెండును కలిసినది. పైది బొబ్బలవలె నుండి, నొప్పి కొంచెముగా నుండుననియు, సుఖసాధ్యమనియు, లోపలిది కీళ్ళయందు ఆమవాతమువలె బాధించి కష్టసాధ్యమగుననియు చెప్పెను. చిక్కిపోవుట, బలక్షయము, ముక్కు కూలుట, అగ్నిమాంద్యము, ఎముకలు శుష్కించి వంకరపోవుట దీని ఉపద్రవములని పేర్కొనెను. సూక్ష్మదర్శిని లేని కాలమున, కేవలము కన్నులతో చూచి వ్రాసిన ఈ వర్ణనను నేఁటి వైద్యులు సయితము మెచ్చుకొనఁదగును.

ఇఁక ఆతఁడు చెప్పిన చికిత్స. ప్రధానౌషధము రసకర్పూరము. ఇది పాదరసము నుండి చేయు తెల్లని పొడి. దానిని గోధుమపిండితో చేసిన చిన్న గిన్నె వంటి ముద్దలో పెట్టి మూసి, లవంగపుఁ బొడి పైని చల్లి, పండ్లకు తగులకుండ నీటితో మ్రింగవలెను. తరువాత తాంబూలము వేసికొనవలెను. ఉప్పు, పులుపు, కూరలు, ఎండ, నడక, శ్రమ, స్త్రీసంగము విడువవలెను. పండ్లకు తగులకూడదనుటలోనే ఆ మందు నోటిని పాడుచేయునని ఆతఁడెఱుఁగునని తెలియుచున్నది. ఎంత తూకము వేయవలెనో కూడ మూలమున కలదు. దానిని నేనిచ్చట చెప్పను.

చెప్పకపోవుటకు కారణమిది. 1988లో నేను మా గ్రామమున తెలుగు పండితుఁడుగా నుంటిని. మా తండ్రిగారి కాలము నుండి వచ్చిన భావప్రకాశము మా యింట నుండెడిది. ఎడ్లబేరము చేయు మా యూరివాఁ డొకఁడు, నాకంటె రెండు మూఁడేండ్లు పెద్ద, ఒకనాఁటి సాయంకాలము మా యరుఁగుపై కూర్చుండి, “పంతులుగారూ, మీ పెద్ద పుస్తకములో సవాయికి మందున్నదఁట గదా. మా బావమఱఁది అడుగుమన్నాఁడు” అనెను. నాకు గర్వము కలిగెను. దాఁచుట యెందుకు? ఊరిలో ఇంగ్లీషు మందుల ప్రభ వెలుఁగుచుండఁగా నా పుస్తకమును అడిగినవాఁడు లభించెనని సంతోషించితిని. శ్లోకములు రాగయుక్తముగా చదివి, ప్రతిపదార్థము చెప్పి, తూకము సహా కాగితముపై వ్రాసియిచ్చితిని.

బావమఱఁది లేఁడు. రోగి ఆతఁడే. పట్టణమున మూలికల యంగడిలో ఆ పొడి కొని, నేను వ్రాసియిచ్చినట్లే మ్రింగెను. నాలుగవ నాఁటికి చిగుళ్ళు వాచి, నోట ఆగకుండ చొంగ కాఱుచు, మూత్రము తగ్గి, ఆతనిని బండిలో వేసికొని జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ప్రాణము దక్కినది. ఏడు పండ్లు ఊడిపోయినవి. ఎవరు చెప్పినారని అచ్చటి వైద్యురాలు గద్దింపఁగా ఆతఁడు నా పేరు చెప్పెను. ఆమె నాకు కబురు పంపినది. నేను పోయితిని. ఆమె నన్ను తిట్టలేదు. “అయ్యా, ఆ పుస్తకము వ్రాసిన కాలమున ఇంతకంటె మంచి మందు లేదు, ఇప్పుడున్నది” అని మాత్రము చెప్పి, “ఈతని భార్య యెక్కడ?” అని అడిగినది.

భార్య సంగతి నాకు తెలియును, ఊరందఱికిని తెలియును. ఆ రెండేండ్లలో ఆమెకు మొదటిది ఆఱవ నెలలో పోయినది. రెండవది ఎనిమిదవ నెలలో మృతశిశువుగా పుట్టినది. గర్భము నిలువని కోడలిని పుట్టింటికి పంపి కొడుకునకు మాఱుమనువు చేయవలెనని అత్తగారు పెద్దలలో పెట్టినది. ఆ పెద్దలలో నేనును ఒకఁడను. ఇంకొక కాన్పు చూతమని వాయిదా వేసితిమి గాని, దోషము ఆమెదేనా యని అడిగినవాఁడు మాలో నొక్కఁడును లేఁడు. రెండున్నర యేండ్ల క్రిందట సంతలకు పోయినప్పుడు భర్తకు పుండు పుట్టి, నొప్పి లేకుండఁగనే మానిపోయిన సంగతి ఆతఁడొక్కఁడే యెఱుఁగును. ఆమెకు ఏ పుండును కనఁబడలేదు. రక్తపరీక్షలో ఇద్దఱికిని రోగమున్నట్లు తేలినది. అప్పటి కామెకు నాలుగవ నెల.

వారి సంగతి మరల చెప్పెదను. ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. పాదరసము ఇంత క్రూరమైనదైనచో, నాలుగువందల యేండ్లు తూర్పునను పడమటను వైద్యులందఱు దానినేల పట్టుకొని వ్రేలాడిరి? దీనికి సమాధానము రోగముయొక్క నడకలో నున్నది. సోఁకిన తరువాత సుమారు మూఁడు వారములకు పుండు పుట్టును. అది నొప్పి పెట్టదు. ఏ మందును లేకున్నను మూఁడు మొదలు ఆఱు వారములలో దానంతట అదియే మానును. కొన్ని వారములకో, నెలలకో ఒడలిపై, అరచేతులలో, అరికాళ్ళలో మచ్చలు, నోటిలో పుండ్లు, జ్వరము వచ్చును. అవియు వానంతట అవియే పోవును. తరువాత సంవత్సరముల కొలఁది నిశ్శబ్దము. ఆ మీఁద కొందఱికి ముక్కు కూలును, గుండె నుండి వచ్చు పెద్ద రక్తనాళము ఉబ్బును, పక్షవాతము వచ్చును, మతి చలించును. మందు వేసికొన్నవానికిని పుండు మానెను, వేసికొననివానికిని మానెను. మానినప్పుడెల్ల కీర్తి మందునకు పోయెను. తిరుగఁబెట్టినప్పుడు పథ్యము తప్పెనని రోగిని నిందించిరి.

నార్వేదేశమున బోక్ అను వైద్యుఁడు పాదరసము మేలు కంటె కీడే చేయునని నమ్మి, 1891 మొదలు 1910 వఱకు సుమారు 2,000 మంది రోగులను ఏ మందును ఇయ్యక ఆసుపత్రిలో నుంచి, లక్షణములు పోయిన పిదప పంపివేసెను. వారి జీవితచరిత్రలను తరువాతివారు దశాబ్దుల తరఁబడి వెదకి చూడఁగా, సుమారు మూఁడింట ఒకవంతు మందికి రోగము ముదిరి కీడు చేసినట్లును, తక్కినవారికి ఆ ఘోరలక్షణములు రానట్లును తేలెను. ఊరికొక నాటువైద్యుఁడు “నా మందుతో నయమైనవారు వీరుగో” అని చూపఁగలిగిన రహస్యము ఈ లెక్కలో నున్నది.

యూరపులో పాదరసమును లేపనముగా పూయుదురు, పొగగా పట్టింతురు, మాత్రలుగా మ్రింగింతురు. చొంగ గిన్నెల కొలఁది కాఱిననే విషము బయటికి పోవుచున్నదని నమ్మిరి. పండ్లు రాలి, దవడ కుళ్ళి, మందు చేతనే చచ్చినవారు లెక్కకు మిక్కిలి. చీనా నుండి వచ్చిన ఫిరంగిచెక్క దీనికంటె సాధువు. భావమిశ్రుఁడును దానిని చోపచీని యను పేర తేనెతో సేవింపఁ జెప్పెను. గోవాలో 1563లో అచ్చుపడిన గార్సియా ద ఓర్టా గ్రంథమున దానిఁ గూర్చిన చర్చ కలదు. అంతకు ముందే 1546లో శరీరశాస్త్రజ్ఞుఁడగు వెసాలియసు దానిపై నొక లేఖ ప్రకటించెను. ఆ చెక్క కషాయము రోగమును చంపదు, రోగినిని చంపదు. ఆ రెండవ గుణమే దాని కీర్తికి చాలినది.

సెగయు సవాయియు ఒకటే యని చాలకాలము భ్రమపడిరి. జాన్ హంటరను ప్రసిద్ధ శస్త్రవైద్యుఁడు 1786 నాఁటి తన గ్రంథములో అట్లే చెప్పెను. అవి వేఱని 1838లో పారిసులోని రికార్డు నిరూపించెను. 1879లో నైస్సరు సెగ కలిగించు సూక్ష్మజీవిని చూచెను. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అను వారు సవాయి జీవిని కనుఁగొనిరి. మరమేకువలె మెలికలు తిరిగి, మిక్కిలి సన్నమై యుండుటచే అంతవఱకు కంటఁబడలేదు. మఱుసటి సంవత్సరమే వాసర్మను రక్తపరీక్ష వచ్చెను. ఆ 1905లోనే మన చెన్నపట్టణపు పెద్దాసుపత్రిలో చార్లెసు డోనవను అను వైద్యుఁడు వేఱొక సుఖవ్యాధి జాడను సూక్ష్మదర్శినిలో చూచెను. గజ్జలలో ఎఱ్ఱని మాంసమువలె పెరిగి, ముట్టిననే నెత్తురు కాఱు పుండు అది. మన తూర్పుతీరమున నొకప్పుడు తఱచుగా కనఁబడిన ఆ వ్యాధిని డోనవనోసిసని ఆయన పేరనే పిలుచుచున్నారు. నేఁడది మిక్కిలి అరుదైనది.

1909లో ఎర్లిక్ అను జర్మను పండితుఁడును, హాటా అను జపాను వైద్యుఁడును పాషాణము, అనఁగా ఆర్సెనిక్, చేర్చిన సమ్మేళనములను వరుసగా పరీక్షించుచు 606వ దానిలో గుణము కనుఁగొనిరి. 1910లో అది సాల్వర్సను పేర అంగడికి వచ్చెను. రోగకారణమైన జీవిని వెదకి చంపుటకు బుద్ధిపూర్వకముగా తయారుచేసిన తొలి ఔషధములలో నిది ముఖ్యమైనది. అయినను అదియు విషమే. నరములోనికి నెలల తరఁబడి ఎక్కింపవలసి వచ్చెడిది. 1943లో అమెరికాలో మహోనీ యను వైద్యుఁడు నలుగురు రోగులకు పెన్సిలినునిచ్చి చూచెను. నలుగురికిని నయమయ్యెను. నాలుగున్నర శతాబ్దుల సమస్య నాలుగు మంచములపై తీఱినది.

తీఱవలసినది, అనుట మేలు. మందు దొరకుట వేఱు, దానిని రోగికి ఇచ్చుట వేఱు. మహోనీ పనిచేసిన అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖయే 1932 మొదలు అలబామా రాష్ట్రమున టస్కీగీ యను చోట సుమారు 600 మంది నీగ్రోజాతి పురుషులను పరిశీలించుచుండెను. వారిలో 399 మందికి ఈ రోగముండెను. వారు బీద సేద్యగాండ్రు. వారికి నిజమైన రోగము పేరు చెప్పలేదు, చెడురక్త మనిరి. పెన్సిలిను వచ్చిన తరువాత కూడ, రోగము ముదిరిన నేమగునో చూచుటకై దానిని వారికి దక్కనీయలేదు. 1972లో పత్రికలు బయటపెట్టువఱకు ఇది సాగినది. 1997లో ఆ దేశాధ్యక్షుఁడు క్షమాపణ చెప్పెను. అప్పటికి బ్రదికియున్నవారు కొలఁదిమంది.

మన దేశమున దొరతనమువారు చేసిన పని వేఱొక తీరుది. 19వ శతాబ్ది తొలినాళ్ళ నుండియే మద్రాసు రాజధానిలోని దండు స్థలములలో లాక్ హాస్పిటళ్ళను కట్టిరి. పేరునకు ఆసుపత్రులు, పనికి బందిఖానాలు. 1868 నాఁటి అంటువ్యాధుల చట్టముచే వేశ్యలను పేర్లు వ్రాయించి, చీటీ లిచ్చి, నియమిత కాలమున పరీక్షించి, రోగమున్నదన్న వారిని మానువఱకు నిర్బంధించిరి. సికింద్రాబాదు, బళ్ళారి వంటి దండులలో ఈ ఆసుపత్రులు నడచెను. ఆ చట్టము మగవాని జోలికి పోలేదు. ఇచ్చటి ఆఁడుదానిని బంధించి వదలిన మఱునాఁడే రోగమున్న సిపాయి ఆమె యొద్దకు రావచ్చును. అప్పటి చికిత్సయు పాదరసమే గనుక, బంధించినంత మాత్రమున రోగము తగ్గినదియు లేదు. ఇంగ్లండులో జోసఫీను బట్లరు మొదలగువారి ఆందోళనచే అచ్చటి చట్టము 1886లోను, ఇచ్చటిది 1888లోను రద్దయినవి. దొరలు తప్పు చేసిరని చెప్పుట నాకు సులభమే. మా యూరి రచ్చబండ మీఁద మేము చేసిన విచారణ దానికంటె మేలైనదని చెప్పలేను.

ఇఁక నేఁటి చికిత్స. సవాయి క్రొత్తదైనచో, అనఁగా సోఁకి రెండేండ్లు దాఁటనిదైనచో, బెంజథీను పెన్సిలిను 24 లక్షల యూనిట్లు పిఱుఁదులలో ఒక్కసారి సూదిమందుగా నిత్తురు. అంతే. పాతదైనచో, లేక ఎంతకాలమయ్యెనో తెలియనిచో, వారమున కొకటి చొప్పున మూఁడు. మెదడునకు ప్రాఁకినచో ఆసుపత్రిలో నుంచి నరములోనికి ఎక్కింతురు. సూది వేసిన నాఁటి రాత్రి కొందఱికి జ్వరమును, ఒడలినొప్పులును వచ్చును; మందు పడలేదని భయపడి రెండవసారి పోవుట మానవలదు, అది ఒక దినములో తగ్గును. పెన్సిలిను నిజముగా పడనివారికి డాక్సీసైక్లీను మాత్రలు కలవు. గర్భిణులకు మాత్రము అవి తగవు.

డాక్సీసైక్లీను మాట వచ్చినది గనుక ఒక తెలుఁగువానిని తలఁపక తప్పదు. ఆ మందు టెట్రాసైక్లీనుల కుటుంబములోనిది. ఆ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిను 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుండి వెలువడెను. కనుఁగొన్నవాఁడు డగ్గరను వృక్షశాస్త్రజ్ఞుఁడు; ఆ సంస్థలో పరిశోధనలన్నిటిని నడిపించినవాఁడు భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందు లోకమునకు తెలిసిన సంవత్సరముననే ఆయన కన్నుమూసిరి.

సెగకు నేఁడు సెఫిక్సిమ్ మాత్రయో, సెఫ్ట్రియాక్సోను సూదియో ఇత్తురు. ఈ వ్యాధి జిత్తులమారిది. మొదట సల్ఫామందులకు లొంగి, తరువాత లొంగక, పెన్సిలినునకు లొంగి, దానికిని మొండికెత్తి, తక్కిన మందులను కూడ ఒక్కొక్కటిగా ఓడించుచు వచ్చినది. అంగడిలో అడిగి నాలుగు మాత్రలు కొని మ్రింగుటయు అది యిట్లు రాటుదేలుటకు ఒక కారణము. ఆఁడువారిలో తఱచుగా ఏ బాధయు లేకయే యుండి, గర్భనాళములను మూసి, సంతానము లేకుండఁ జేయును. కాన్పు వేళ బిడ్డ కన్నులకు సోఁకి గ్రుడ్డివానిఁగా చేయును. 1880 ప్రాంతమున లైప్జిగులో క్రేడే యను వైద్యుఁడు పుట్టిన బిడ్డ కంట వెండి ద్రవము చుక్క వేయు పద్ధతి పెట్టి ఎన్నో కన్నులను కాపాడెను. క్లమీడియా యనునది సెగకు తోఁబుట్టువు వంటిది; దానికి డాక్సీసైక్లీను ఏడు దినములు చాలును. హెర్పీసు పొక్కులను మందు అణఁచును గాని సమూలముగా తీయలేదు. కామెరలు తెచ్చు హెపటైటిస్-బి కిని, గర్భాశయ ముఖమున పుట్టు క్యాన్సరునకు హేతువైన వైరసునకును ముందుగా వేయు టీకాలు కలవు. ఎయిడ్సు జాడ మన దేశమున మొదట 1986లో చెన్నపట్టణముననే డాక్టరు సునీతీ సాలమన్‌గారి పరిశోధనలో బయటపడెను. అప్పు డది మరణశాసనము. 2004 నుండి ప్రభుత్వాసుపత్రులలో దానికి మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. దినమును తప్పక మందు వేసికొనువారు సామాన్యుల వలెనే జీవించుచున్నారు. మందువలన రక్తములో వైరసు కనఁబడనంతగా తగ్గి, అట్లే నిలిచియుండిన, దాంపత్యమువలన రెండవవారికి సోఁకదు.

ప్రభుత్వాసుపత్రులలో సురక్షా క్లినిక్కులని ఈ వ్యాధులకు వేఱుగా గదులు కలవు. రోగలక్షణమును బట్టి మందులపొట్లములకు రంగులు పెట్టి ఉచితముగా నిత్తురు. ఒక్క నియమము మాత్రము విడువరాదు: భార్యాభర్తలకు ఇద్దఱికిని ఒకేసారి చికిత్స జరుగవలెను. ఒక్కరికే చేసిన, మానినవారికి మానని వారి వలన మరల సోఁకును. గోడలమీఁద గుప్తరోగముల వైద్యుఁడని వ్రాసికొన్నవారు ఈ మాట చెప్పరు. చెప్పిన వారి బేరము పోవును. కన్యను తాఁకిన ఈ రోగము పోవునను పాపిష్ఠి నమ్మకమొకటి యూరపులోను మన దేశములోను ఉండెడిది. అది ఎక్కడ వినఁబడినను పెద్దలు వెంటనే ఖండింపవలెను. అది వైద్యము గాదు, నేరము.

గర్భిణికి మొదటి నెలలలోనే రక్తపరీక్ష చేసి పెన్సిలిను వేసిన, కడుపులోని బిడ్డయు దక్కును. మా యూరి ఆమెకు వారమున కొకటిగా మూఁడు సూదులు వేసిరి. భర్తకును వేసిరి. సకాలమున ఆఁడుపిల్ల పుట్టినది. నాలుగు నెలల పిల్లనెత్తుకొని ఆమె మా యింటి ముందు నుండి పోవునప్పుడు, నేను పుస్తకము చదువుచున్నవాఁడు లేచి లోపలికి పోయెడివాఁడను. ఆమెకు నా రచ్చబండ సంగతియు తెలియును, నా కాగితము సంగతియు తెలియును.

సంవత్సరము గడచిన తరువాత భర్త రెండు కాగితములు తెచ్చి నా చేతికిచ్చి చదువుమనెను. అవి ఇంగ్లీషులో నుండెను. మొదటి దానిలో 1:32 అనియు, రెండవ దానిలో 1:4 అనియు ఉండెను. ఆ రెండవ అంకె నాలుగవ వంతునకో, అంతకంటెను తక్కువకో దిగిన మందు పనిచేసినట్లని వైద్యురాలు నాకు వెనుకనే చెప్పియుండెను. ఆ మాటయే ఆతనికి చెప్పితిని. ఆతఁడు కాగితములు మడిచి, తలపాగలో దోపుకొని, కట్టుడు పండ్లతో నవ్వి, “ఇది పుస్తకములో నున్నదా, పంతులుగారూ?” అని అడిగెను. లేదంటిని. ఆతఁడు లేచి ఎడ్ల దగ్గఱకు పోయెను.